పెట్టను పొదగేయడం: గుడ్లు ఏరే రోజు నుంచి పిల్లలు గంప దాటేదాకా

పెట్ట పొదుగుకొచ్చిందని కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. నిన్నటిదాకా గుడ్డు పెట్టి వీధంతా వినేలా అరిచిన పెట్ట ఉన్నట్టుండి గొంతు దించేస్తుంది. ‘కొక్... కొక్...’ అని ఆగి ఆగి, లోపల్లోపల గొణుక్కుంటున్నట్టు తిరుగుతుంది. పుంజు దగ్గరికొస్తే తోక విప్పి, ఒళ్లంతా ఉబ్బించి బెదిరిస్తుంది. సాయంత్రం మిగతా కోళ్లన్నీ గూట్లో దూరితే ఇది గుడ్లు పెట్టిన చోటే కూర్చుండిపోతుంది.

మాది జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ఊరు. చిన్నప్పుడు నాయనమ్మ పొదగేస్తుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఇప్పుడు నేనే వేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఇది: పన్నెండు గుడ్లకు పది పిల్లలు వచ్చినా, రెండే వచ్చినా, అందులో ఎక్కువ భాగం పెట్ట కూర్చోకముందే తేలిపోతుంది. ఏ గుడ్లు తీశాం, ఎన్నాళ్లు దాచాం, ఎక్కడ కూర్చోబెట్టాం అన్నదే అసలు లెక్క. ఆ తర్వాత 21 రోజులు మనం చేసే పనికంటే చెయ్యకుండా ఉండాల్సిన పనే ఎక్కువ.

నిజంగా పొదుగుకొచ్చిందా?

ఒక్కరోజు గూట్లో ఎక్కువసేపు కూర్చుందని గుడ్లు పెట్టేయకండి. కొన్ని పెట్టలు రెండు రోజులు మోజుపడి మూడో రోజు లేచిపోతాయి. గుడ్లన్నీ తీసేసి, పనికిరాని గుడ్లు రెండు ఉంచి చూడండి. రెండు మూడు రాత్రులు వరసగా అక్కడే పడుకుంటే, చెయ్యి పెడితే లేవకుండా పొడిస్తే, దాని పొట్ట కింద చర్మం వేడిగా, ఈకలు ఊడి నున్నగా తగిలితే అది ఖాయం. ఆ ఈకలు ఊడిన చోటే గుడ్డుకు ఆనుతుంది, వేడి సూటిగా పెంకుకు తగలడానికి. గూట్లో రాలిన మెత్తటి ఈకలు కూడా సాక్ష్యమే.

ఇంకో గుర్తు కొంచెం అసహ్యంగా ఉంటుంది. పొదుగులో ఉన్న పెట్ట గూట్లో రెట్ట వెయ్యదు. రోజంతా ఆపుకుని, బయటికొచ్చినప్పుడు ఒకేసారి పెద్ద ముద్దలా వేస్తుంది. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు.

ఏ పెట్ట?

ఇంతకుముందు ఒక విడత పిల్లల్ని చేసిన నాటు పెట్టే అన్నిటికంటే నమ్మకం. మొదటిసారి కూర్చునే పడుచు పెట్ట మధ్యలో వదిలేయొచ్చు. దానికి ఆరేడు గుడ్లిచ్చి చూడండి, అలవాటైతే మళ్లీసారి పెంచుకోవచ్చు. పందెం జాతి, అంటే అసీల్ పెట్టలు తల్లులుగా గట్టివే, గద్ద మీదికైనా ఎగురుతాయి. కాకపోతే ఒళ్లు బరువు. పల్చటి పెంకు గుడ్లయితే పగలగొడతాయి.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు పెరటి పెంపకానికి మంచివే గానీ, వాటికి పొదుగు బుద్ధి బాగా తక్కువ. గుడ్లు ఎక్కువ పెట్టేలా తయారుచేసిన రకాలు కదా, కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి. ఆ గుడ్లు పొదిగించాలంటే నాటు పెట్ట కిందే వెయ్యాలి. ఒక మాట: ఇవి సంకరం కాబట్టి వాటి పిల్లలు అచ్చం తల్లిలా గుడ్లు పెడతాయని ఆశపడొద్దు.

కూర్చోబెట్టేముందు పెట్టను చేతిలోకి తీసుకుని రెక్కల కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడండి. కోడిపేలు ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. పేలు కుడుతుంటే ఎంత మంచి తల్లయినా గూట్లో నిలవలేదు, నిలిచినా మూడు వారాల్లో రక్తం లేక పాలిపోతుంది.

గుడ్లు ఏరడం

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

మొదటిది పుంజు. దుకాణంలో ట్రేల్లో దొరికే ఫారం గుడ్డు ఎన్నాళ్లు పొదిగినా పిల్ల కాదు, ఆ షెడ్లలో పుంజులే ఉండవు. ఇంట్లో ఎనిమిది పది పెట్టలకు ఒక చురుకైన పుంజు చాలు. పుంజును కొత్తగా తెచ్చినట్టయితే వారం పది రోజులు ఆగి గుడ్లు ఏరడం మంచిది. పాత పుంజును అమ్మేసినా దిగులు లేదు, ఒకసారి కలిశాక పెట్ట ఒంట్లో బీజం పది రోజుల పైనే నిలుస్తుంది.

రెండోది గుడ్డు వయసు. నాటు పెట్ట పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకొస్తుంది. రోజు విడిచి రోజు పెట్టిందనుకుంటే అది పొదుగుకొచ్చేసరికి మొదటి గుడ్డుకు మూడు, నాలుగు వారాలు నిండుతాయి. అన్నీ కలిపి కింద పెట్టేస్తే ఆ పాతవి మురిగిపోక ఏమవుతాయి? అందుకే నాయనమ్మ గూట్లో ఎప్పుడూ ఒక గుడ్డు మాత్రం వదిలి, మిగతావి రోజూ తీసేది. ముందువి కూరకు, చివరివి పొదుగుకు. వారంలోపు గుడ్లయితే మేలు, పది రోజులు దాటితే నేను పెట్టను. ఎండాకాలంలో నాలుగైదు రోజులే లెక్క.

ఎండాకాలానికి అంత తేడా ఎందుకంటే, గుడ్డు పెట్టిన వెంటనే లోపలి పిండం నిద్రలోకి పోతుంది. చల్లగా ఉన్నంతసేపు ఆ నిద్ర నిలుస్తుంది. గది వేడి 27 డిగ్రీలు దాటి పోతుంటే అది సగం మేలుకుంటుంది, పెరగడానికి చాలినంత వేడి లేక మెల్లగా చచ్చిపోతుంది. పైకి గుడ్డు బాగానే కనిపిస్తుంది. మేలో మన ఇళ్లలో వంటగది ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. అలాగని ఫ్రిజ్‌లో పెడితే మరీ చల్లదనానికి దెబ్బతింటుంది. మా ఇంట్లో వెడల్పాటి బేసిన్లో తడి ఇసుక పోసి, అందులో చిన్న మట్టికుండ సగం దాకా పాతి, లోపల పొడిగుడ్డ పరిచి గుడ్లు దాస్తాం. పైన పల్చటి తడిగుడ్డ కప్పుతాం. గుడ్లకు మాత్రం తడి తగలకూడదు. కోసు కిందికి, వెడల్పు పైకి ఉంచాలి. గాలి ఉండేది వెడల్పు వైపే.

గుడ్లు కడగకండి. పెంకు మీద సన్నటి పొర ఉంటుంది, కడిగితే అది పోయి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. రెట్ట అంటుకుని ఉంటే దాన్ని కూరకు తీసెయ్యండి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, వంకరవి, గరుకు పెంకువి పక్కనపెట్టండి. రెండు గుడ్లను చెవి దగ్గర మెల్లగా తాటించి వినండి. పగులు లేకుంటే గట్టిగా మోగుతుంది, సన్నటి పగులున్నా బొంగురుగా పలుకుతుంది. కోసుగా ఉంటే పుంజుపిల్ల, గుండ్రంగా ఉంటే పెట్టపిల్ల అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ మాట నమ్మి గుడ్లు ఏరకండి, ఆకారానికీ దానికీ సంబంధం లేదు.

ఏరిన ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ రాయండి. స్కెచ్ పెన్ను వద్దు. ఈ గుర్తు తర్వాత కూడా ప్రాణం కాపాడుతుంది, ఎలాగో చెప్తాను.

ఎన్ని గుడ్లు?

మామూలు నాటు పెట్టకు పది, పన్నెండు. ఎండల్లో ఎనిమిది, తొమ్మిది. పెట్ట కూర్చున్నాక చుట్టూ తిరిగి చూస్తే ఒక్క గుడ్డు కూడా బయటికి కనిపించకూడదు. అత్యాశకు పోయి పదహారు పెడితే పెట్ట వాటిని రోజూ కదిలిస్తుంటుంది కాబట్టి ఇవాళ అంచున చల్లబడ్డ గుడ్డు రేపు మధ్యకు, మధ్యది అంచుకు పోతుంది. ఆ నాలుగే కాదు, అన్నీ ఒక్కో రోజు చలికి గురవుతాయి. నాయనమ్మ ఎప్పుడూ బేసి సంఖ్యే పెట్టేది. ఎందుకని అడిగితే ఆవిడా చెప్పలేదు, నేనూ బేసే పెడతాను.

గూడు, చోటు

పాత వెదురు గంప, లేదా అడుగు వెడల్పున్న మట్టి తొట్టి. అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక, దాని మీద రెండు గుప్పిళ్లు పొయ్యి బూడిద, పైన నలిపిన వరిగడ్డి. మధ్యలో చేత్తో అదిమి పళ్లెంలా గుంట చెయ్యండి. గుంట మరీ లోతైతే గుడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, మరీ చదునైతే అంచులకు దొర్లుతాయి. గడ్డి మధ్య ఎండు వేపాకు, వావిలాకు, సీతాఫలం ఆకు వెయ్యడం మా వైపు అలవాటు, పేలు తగ్గుతాయి. బూజు పట్టిన గడ్డి మాత్రం వద్దు.

చోటు చీకటిగా, గాలాడేలా, మిగతా కోళ్లకు దూరంగా ఉండాలి. ఒకసారి మేలో రేకుల షెడ్డు కింద పొదగేశాను. పదమూడు గుడ్లకు రెండు పిల్లలు. పెట్ట రెక్కలు విప్పి, నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చునేది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. మనకు మంచి కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి. తప్పనిసరై వేసవిలో వేస్తే తాటాకు పాక కిందో, చెట్టు నీడలో ఉన్న గదిలోనో పెట్టి, గడ్డి కింద ఇసుకను రోజూ కాస్త తడపండి.

శత్రువుల్లో పిల్లి, ముంగిస, పందికొక్కు, పాము అందరికీ తెలిసినవే. అందరూ మరిచిపోయేది చీమ. పిల్ల పెంకుకు చిల్లు పెట్టగానే ఆ తడి వాసనకు చీమల బారు వచ్చేస్తుంది, పిల్ల లోపలే చచ్చిపోతుంది. గంపను నాలుగు రాళ్ల మీద ఎత్తి, ఆ రాళ్లను నీళ్లు పోసిన పళ్లేల్లో ఉంచితే ఈ బాధ ఉండదు.

ఉరుములకు గుడ్లు మురుగుతాయని గూట్లో ఇనుప మేకు, బొగ్గు, ఎండు మిరపకాయ పెట్టడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అమ్మ పెడుతుంది, నేను తీయను. ఉరుముల కాలంలో గుడ్లు చెడేది ఎక్కువగా గూడు కారి తడవడంవల్లే, కాబట్టి మేకు పెట్టినా పైకప్పు కూడా చూసుకోండి.

కూర్చోబెట్టడం

రాత్రి చీకటి పడ్డాక చెయ్యండి. పెట్టను రెండు చేతులతో మెల్లగా ఎత్తి కొత్త గూట్లోకి మార్చి, గుడ్లు ఒక్కొక్కటే కిందికి తొయ్యండి. అన్నీ ఒకే రాత్రి పెట్టాలి. ‘ఇవాళ ఆరు, ఎల్లుండి ఆరు’ అంటే మొదటి ఆరూ పిల్లలయ్యాక పెట్ట వాటిని తీసుకుని లేచిపోతుంది, వెనకవి చల్లబడతాయి. క్యాలెండర్‌లో తేదీ రాసుకోండి. అప్పటినుంచి 21 రోజులు.

మొదటి 18 రోజులు

పెట్ట ఒంటి వేడి 41 డిగ్రీల చిల్లర. గుడ్డుకు కావాల్సింది 37.5, 38. ఆ తేడాను అదే చూసుకుంటుంది. గుడ్లను రోజుకు చాలాసార్లు ముక్కుతో తిప్పుతుంది, మీరు తిప్పక్కర్లేదు. రోజుకోసారి లేచి పది, ఇరవై నిమిషాలు బయటికొస్తుంది. అప్పటికి గింజలు, నీళ్లు దగ్గర్లో సిద్ధంగా ఉండాలి. వడ్లు, జొన్నలు, మొక్కజొన్న లాంటి గట్టి గింజలే పెట్టండి. మెత్తటి మేత, పచ్చి ఆకు ఎక్కువైతే పారుతుంది, గూడు పాడవుతుంది. పొర్లడానికి కాస్త బూడిద, పొడిమట్టి ఉంచితే పేలూ తగ్గుతాయి.

కొన్ని పెట్టలు మరీ పట్టుదలగా లేవవు. రెండు రోజులైనా రెట్ట కనిపించకపోతే మీరే ఎత్తి బయట పెట్టండి. ఎత్తేముందు రెక్కల కింద తడిమి చూడాలి, అక్కడ గుడ్డు ఇరుక్కుని ఉంటే పైకెత్తగానే జారి పగులుతుంది. పగిలిన గుడ్డు సొన మిగతావాటికి అంటితే గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, గడ్డి మార్చండి. ఒక పూట పెట్ట బయటే ఉండిపోయి గుడ్లు చల్లబడినా తొందరపడి పారేయకండి, కూర్చోబెట్టి వారం తర్వాత వెలుతురులో చూడండి.

పెన్సిల్ గుర్తు ఇక్కడ పనికొస్తుంది. పొదుగు పెట్ట బయటికెళ్లిన ఇరవై నిమిషాల్లో ఇంకో పెట్ట వచ్చి అందులో గుడ్డు పెట్టి పోతుంది. గుర్తు లేని గుడ్డు కనిపిస్తే తీసెయ్యండి.

ఏడో రోజు వెలుతురు

రాత్రిపూట గది చీకటి చేసి, అట్టముక్కను గొట్టంలా చుట్టి సెల్‌ఫోన్ టార్చి మీద పెట్టి, గుడ్డు వెడల్పు వైపును దానికి ఆనించండి. బతికిన గుడ్డులో మధ్యన ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి సన్న నరాలు. కాసేపు కదలకుండా పట్టుకుంటే ఆ చుక్క ఊగడం కనిపిస్తుంది. నా చిన్న కూతురు మొదటిసారి అది చూసి గుడ్డు నా చేతికిచ్చేసి వెనక్కి జరిగిపోయింది.

ఏమీ లేకుండా లాంతరు గాజులా వెలిగితే బీజం పడలేదన్నమాట. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరంలా ఒక గీత మాత్రమే ఉంటే మొదలై చచ్చిపోయింది. రెండూ తీసెయ్యాలి. అనుమానంగా ఉన్నదాన్ని ఉంచి 14వ రోజు మళ్లీ చూడండి. అప్పటికి బతికినవి గాలి ఉన్న చోటు తప్ప మిగతాదంతా నల్లగా ఉంటాయి. మురిగిన గుడ్డును బద్ధకించి వదిలేస్తే లోపల గాలి పెరిగి పేలుతుంది. ఒకసారి మా గూట్లో అలా పేలింది. పక్క గుడ్లకు అంటిన ఆ కంపుకు పెట్టే గూడు వదిలేసింది.

18వ రోజు నుంచి చేతులు కట్టుకోండి

ఇక వెలుతురు వద్దు, గుడ్లు తియ్యడం వద్దు. పెద్దవాళ్లు కొందరు ఈ రోజుల్లో గుడ్లను గోరువెచ్చటి నీళ్లలో వేసి ఏది కదులుతుందో చూస్తారు. 14వ రోజు వెలుతురులో చూసి ఉంటే ఆ పని అక్కర్లేదు. పెంకుకు చిల్లు పడ్డ గుడ్డును నీళ్లలో వేస్తే పిల్ల మునిగి చస్తుంది.

20వ రోజు ప్రాంతంలో పిల్ల ముక్కు లోపలి పొరను చీల్చి గాలి ఉన్న చోటుకు చేరుతుంది. అప్పుడే మొదటిసారి ఊపిరి తీస్తుంది, పెంకు లోపలినుంచే కిచమంటుంది. పెట్ట దానికి బదులు పలుకుతుంది. రాత్రి గూటి దగ్గర చప్పుడు చెయ్యకుండా కూర్చుంటే ఈ మాటలు వినొచ్చు. తర్వాత పెంకు మీద నక్షత్రంలా చిన్న పగులు. ఆ పగులు నుంచి పిల్ల బయటపడేసరికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది. లోపల మాత్రం పొర మీది నరాల్లోని రక్తం పిల్ల ఒంట్లోకి చేరుతుంది, మిగిలిన పచ్చసొన పొట్టలోకి దిగుతుంది.

ఇది తెలియని రోజుల్లో ఓపిక పట్టలేక ఒక పిల్లకు ‘సాయం’ చేశాను. గోరుతో పెంకు ఒలిచాను. పొర మీద ఎర్రగా రక్తం చిమ్మింది, సొన ఇంకా బయటే వేలాడుతోంది. గంట కూడా బతకలేదు. నాయనమ్మ తిట్టలేదు, ‘దాని లెక్క దానికి తెలుసురా’ అని మాత్రం అంది.

మీరు చెయ్యగలిగింది ఒక్కటే. పెట్ట కాస్త పక్కకు జరిగినప్పుడు ఖాళీ పెంకులు తీసెయ్యండి. సగం పెంకు ఇంకో గుడ్డుకు టోపీలా తొడుక్కుంటే లోపలి పిల్ల బయటికి రాలేదు. మొదటి పిల్ల వచ్చాక రెండు రోజులు చూసి, కదలని గుడ్లు తీసెయ్యండి.

మొదటి వారాలు

పొట్టలోకి దిగిన సొన రెండు రోజులదాకా పిల్లకు సరిపోతుంది, కాబట్టి పుట్టీ పుట్టకముందే మేత కోసం కంగారు వద్దు. లేచి తిరగడం మొదలెట్టాక సన్న నూకలు, దంచిన మొక్కజొన్న, రాగులు వెయ్యండి. ఒక్క గింజలతోనే పెంచితే ఎదుగుదల ఉండదు. దుకాణంలో దొరికే పిల్లల మేత, అంటే స్టార్టర్, కొంతైనా కలపండి. గుడ్ల కోళ్ల మేత మాత్రం పిల్లలకు పెట్టొద్దు, అందులో సున్నం ఎక్కువ. మా వైపు పాత కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి కాస్త నీళ్లు చల్లి చెదలు తిరిగే చోట రాత్రి బోర్లిస్తారు. తెల్లారి ఎత్తితే కుండ నిండా చెదలు. పిల్లలు వాటి మీద పడే తీరు చూడాలి. నీళ్లు లోతులేని పళ్లెంలో, నాలుగు గులకరాళ్లు వేసి పెట్టండి, లేకపోతే మునిగిపోతాయి.

మొదటి పది రోజులు తల్లీపిల్లల్ని గంప కింద, లేదా వల కప్పిన చోట ఉంచడం మేలు. గద్ద, కాకి, పిల్లి అన్నీ ఈ పది రోజుల కోసమే కాచుకుని ఉంటాయి. వానలో తడిసిన పిల్ల బతకడం కష్టం.

కొక్కెర తెగులు టీకా మరవొద్దు. 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా మందు ఒక్కో చుక్క కంట్లోనో ముక్కులోనో వెయ్యాలి, నాలుగో వారంలో మళ్లీ. ఎనిమిదో వారంలో అదే తెగులుకు ఆర్‌2బి సూది. ఇబ్బందేమిటంటే సీసాలో వంద మోతాదుల పైనే ఉంటాయి, మీ ఇంట్లో పది పిల్లలే ఉంటాయి. కలిపిన మందు గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి. అందుకని మా వీధిలో నాలుగిళ్లవాళ్లం మాట్లాడుకుని ఒకే వారంలో పొదగేస్తాం, ఒకే సీసా తెచ్చుకుంటాం. ఐసు వేసిన ఫ్లాస్కులో తేకపోతే డబ్బు పోసి నీళ్లు కొన్నట్టే. సూది సంగతి పశువుల డాక్టరునో, ఊళ్లో పశువుల వైద్యం చూసే గోపాలమిత్రనో పిలిచి చేయించుకోండి.

బాతు గుడ్లు కూడా నాటు పెట్ట పొదుగుతుంది, కాకపోతే 28 రోజులు. అదనంగా వారం కూర్చోవాలి కాబట్టి ఒళ్లు బాగున్న పెట్టనే ఎంచుకోండి, ఐదారు గుడ్లకు మించొద్దు. కోడి గుడ్లతో కలిపి పెట్టాలంటే బాతువి వారం ముందు పెట్టాలి. పిల్లలు చెరువులోకి దిగాక ఒడ్డున తల్లి పడే హైరానా మాత్రం చూడలేం.

ఇక పొదుగు వద్దనుకుంటే, పెట్టను నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం లాంటి పనులు మానండి. అడుగున గాలాడే జాలీ బోనులో మూడు నాలుగు రోజులు మేత, నీళ్లు పెట్టి ఉంచితే పొట్ట చల్లబడి అదే మానుకుంటుంది.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒక రోజు తల్లి తన పిల్లనే ముక్కుతో పొడిచి తరుముతుంది. దానికి జబ్బేమీ చెయ్యలేదు. నెత్తి మీది జుట్టు (తురాయి) మళ్లీ ఎర్రబడుతుంది, పుంజు వెనక తిరుగుతుంది, పాత గూట్లో దూరి గడ్డి సర్దుకుంటుంది. మర్నాడో మూడోనాడో అక్కడ గుడ్డు కనిపిస్తే పెన్సిల్ తీసుకెళ్లండి.